రక్తంలో కొవ్వు, గ్రంథుల స్రావాలు: ప్రకృతి సిద్ధ పదార్థాల స్థానం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా పరదరామిలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాలు నిండిన విద్యాలయపు వేడుకలో మూడు తరాలవారు కనిపిస్తారు. తొలి దశకాలలో పలక పట్టినవారు నేడు తాతలు, అవ్వలు అయినారు. వారి సంతానం నడివయస్సులో ఉన్నది. మనుమలు, మనుమరాండ్రు ఇంకా బడిలోనే ఉన్నారు. ఇటువంటి కలయికలలో చిన్ననాటి ముచ్చట్లు, గురువుల జ్ఞాపకాలు ముగిసిన పిమ్మట తప్పక వచ్చే ప్రస్తావన ఆరోగ్యం. చక్కెర ఎంత, కొలెస్టరాల్ ఎంత, థైరాయిడ్ మాత్ర ఎంత మోతాదు అనేవే నేటి కుశల ప్రశ్నలు. వాటి వెంటనే ఒక సలహా కూడ వినవస్తుంది: మాత్ర మానివేయండి, ఫలానా పొడి వాడండి, అది ప్రకృతి సిద్ధం, దాని వలన హాని లేదు. ఈ ప్రసంగానికి ఆ సలహాయే విషయం. అందులో కొంత సత్యం ఉన్నది. కొంత ప్రమాదమూ ఉన్నది. ఆ రెండింటినీ వేరు చేసి చూపడమే ఇక్కడి ఉద్దేశం.

పరదరామి ఎల్లలోని ఊరు. ఒక దిక్కున గుడియాత్తం, వేలూరు. మరొక దిక్కున చిత్తూరు. ఇంటిలో తెలుగు, అంగడిలో తమిళం. వంటింటి డబ్బాలో మెంతులైనది అంగడిలో వెందయం. ఇంటిలో తెల్లగడ్డ అయినది అక్కడ పూండు. ఉసిరికాయ అయినది నెల్లిక్కాయ. మాటల వలెనే వైద్యాలు కూడ ఇక్కడ కలిసి మెలిసి ఉన్నవి. ఆయుర్వేదం, సిద్ధ వైద్యం, వాటితోబాటు 1900లో ఐడా స్కడర్ వేలూరులో ప్రారంభించిన చిన్న చికిత్సాలయం నుండి పెరిగి మహావృక్షమైన క్రైస్తవ వైద్య కళాశాల ఆస్పత్రి, ఇవన్నీ ఒక బస్సు ప్రయాణపు దూరంలో లభిస్తవి. ఇన్ని దారులు ఉన్నచోట ఏ దారిని నమ్మవలెను అనే ప్రశ్నకంటె, ఏ దారినైనా ఎట్లు పరీక్షించవలెను అనే ప్రశ్న ముఖ్యం. ఆ పరీక్షకు మూడు ప్రశ్నలు చాలును. వాడుతున్న పదార్థం నిజముగా ఏది? ఎంత మోతాదు? వాడిన తరువాత రక్తంలో ఏమి మారినది?

కొలెస్టరాల్ శత్రువు కాదు

కొలెస్టరాల్ అనగానే విషమని తలచేవారు కలరు. అది సరి కాదు. శరీరంలోని ప్రతి కణపు పొరలోను అది ఉన్నది. పైత్యరసం దాని నుండియే తయారగును. కార్టిసాల్, ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్ మొదలైన హార్మోన్లకు మూలద్రవ్యం అదే. చర్మం కింద సూర్యకాంతి విటమిన్ డి ని తయారుచేయడానికి ఉపయోగపడేది కూడ దాని బంధువే. అవసరమైన కొలెస్టరాల్‌లో అధిక భాగాన్ని కాలేయం తదితర అవయవాలు స్వయంగా తయారుచేసుకొనును. ఆహారం నుండి వచ్చేది తక్కువ భాగమే.

చిక్కు వచ్చేది రవాణాలో. కొవ్వు నీటిలో కరగదు గనుక రక్తంలో అది మాంసకృత్తుల తొడుగుగల చిన్న చిన్న గోళాలలో ప్రయాణించును. వాటిలో ఎల్.డి.ఎల్. అనే గోళాలు అధికమైనచో ధమనుల గోడలలో పేరుకొని, ఏండ్ల తరబడి మార్గాన్ని ఇరుకుచేసి, చివరకు గుండెపోటుకు గాని పక్షవాతానికి గాని కారణమగును. ఈ గోళాలను రక్తం నుండి తొలగించే ద్వారాలు కాలేయ కణాలపై ఉన్నవి. వాటిని గ్రాహకాలు అందురు. ఈ ద్వారాలను కనుగొన్న మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులకు 1985లో నోబెల్ బహుమతి లభించినది. ద్వారాలు ఎక్కువగా తెరచుకొన్నచో రక్తంలో ఎల్.డి.ఎల్. తగ్గును, మూసుకొన్నచో పెరుగును. ఈ ఒక్క విషయం గుర్తున్నచో ముందు చెప్పబోయేదంతా సులభంగా బోధపడగలదు.

ఈ ద్వారాలపై పెత్తనం చేసేవాటిలో అవటు గ్రంథి స్రావం, అనగా థైరాయిడ్ హార్మోను, ముఖ్యమైనది. అది తగ్గినచో ద్వారాల సంఖ్య తగ్గి కొలెస్టరాల్ పెరుగును. క్లోమం నుండి వచ్చే ఇన్సులిన్ మాటను శరీరం సరిగా వినని స్థితిలో కొవ్వు కణాల నుండి కొవ్వు ఆమ్లాలు కాలేయానికి ప్రవహించి, ట్రైగ్లిసరైడ్లు పెరిగి, మేలుచేసే హెచ్.డి.ఎల్. తగ్గును. దక్షిణ భారతంలో విరివిగా కనిపించే చిత్రం ఇదియే. అందుచేత కొలెస్టరాల్ సంఖ్యను విడిగా చూచుట కంటె, ఆ వెనుక ఉన్న గ్రంథుల స్థితితో కలిపి చూచుట విజ్ఞత.

ఇరుగు పొరుగు గ్రామాలు చెప్పిన సత్యం

ఈ విషయంలో దూరదేశాల లెక్కలకై వెదకనవసరం లేదు. వేలూరు పట్టణంలోను, గుడియాత్తం, కాట్పాడిల నడుమనున్న కె.వి.కుప్పం గ్రామాలలోను 1969 - 73 మధ్య పుట్టిన శిశువులను క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు నమోదు చేసినారు. ఆ శిశువులు పెద్దవారైన తరువాత, 1998 - 2002 మధ్య, వారిలో 2,218 మందిని పిలిచి పరీక్షించినారు. అప్పటికి వారి వయస్సు 26 - 32 సంవత్సరాలు. అంత చిన్న వయస్సులోనే పట్టణవాసులలో సుమారు నూటికి 19 మందికి, గ్రామీణులలో సుమారు నూటికి 14 మందికి చక్కెరను తట్టుకొనే శక్తి తగ్గియున్నట్లు తేలినది. వారు చూపులకు రోగులు కారు. పొలాల్లోను, పనిచోట్లలోను తిరుగుతున్నవారే. పల్లెలో ఉన్నవారికి ఈ జబ్బులు రావనే నమ్మకం ఆనాడే వీగిపోయినది.

అయితే ఈ కథకు ఆశాజనకమైన రెండవ భాగం కూడ కలదు. మద్రాసులో డాక్టర్ ఎ. రామచంద్రన్ నాయకత్వాన ఇటువంటి స్థితిలో ఉన్న 531 మందిపై జరిగిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనం ఫలితాలు 2006లో వెలువడినవి. నడక, మితాహారం అలవరచుకొన్నవారిలో మధుమేహం రాకపోకల ప్రమాదం నూటికి 28 వంతులకు పైగా తగ్గినది. మెట్‌ఫార్మిన్ మాత్ర వాడినవారిలో నూటికి 26 వంతులు తగ్గినది. నడకయు, మాత్రయు దాదాపు సమానంగా నిలిచినవి. ప్రకృతి సిద్ధమైన ఔషధాలలో మొదటిది నడకయే అనుట అతిశయోక్తి కాదు.

మెంతులు: హైదరాబాదులో తూచిన దినుసు

వంటింటి దినుసులలో శాస్త్రీయ పరీక్షకు నిలిచిన వాటిలో మెంతులది గౌరవస్థానం. ఆ పరీక్ష చేసినది తెలుగువారి నడుమనే ఉన్న సంస్థ. 1918లో కూనూరులో మెకారిసన్ ఆధ్వర్యంలో చిన్న విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందిన ఆ సంస్థలో ఆర్.డి. శర్మ, టి.సి. రఘురామ్ మొదలగువారు మెంతులపై వరుసగా పరిశోధనలు చేసినారు. 1990లో ప్రకటించిన ఒక అధ్యయనంలో ఇన్సులిన్‌పై ఆధారపడిన మధుమేహ రోగులకు నూనె తీసిన మెంతిపొడిని రోజుకు 100 గ్రాముల చొప్పున, మధ్యాహ్న భోజనంలో సగం, రాత్రి భోజనంలో సగం, పది దినాలు ఇచ్చినారు. పరగడుపు చక్కెర తగ్గినది. మూత్రంలో పోయే చక్కెర నూటికి 54 వంతులు తగ్గినది. మొత్తం కొలెస్టరాల్, ఎల్.డి.ఎల్., ట్రైగ్లిసరైడ్లు తగ్గినవి, హెచ్.డి.ఎల్. చెక్కుచెదరలేదు. తరువాత 1996లో ప్రకటించిన మరొక అధ్యయనంలో 60 మంది మధుమేహ రోగులకు రోజుకు 25 గ్రాముల చొప్పున 24 వారాలు ఇచ్చి చూచినప్పుడు కూడ ప్రయోజనం కనిపించినది.

దీని రహస్యం మెంతుల జిగురులో ఉన్నది. నానబెట్టిన మెంతులను వేళ్లతో నలిపినచో జారుడుగా తగిలే పదార్థమే అది. ప్రేగులలో ఆ జిగురు ఆహారాన్ని చుట్టుకొని చక్కెర రక్తంలో చేరే వేగాన్ని తగ్గించును. పైత్యరసాన్ని కొంత పట్టుకొని బయటకు పంపివేయును. పోయిన పైత్యరసాన్ని మరల తయారుచేయుటకు కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను తీసుకొనవలసి వచ్చును. అందుకొరకు ఇంతకు ముందు చెప్పిన ద్వారాలను ఎక్కువగా తెరచును.

ఇక్కడనే రెండవ ప్రశ్న ఎదురగును: ఎంత? తిరగమోతలో పడే మెంతులు చిటికెడు. పరిశోధనలో వాడినవి 25 నుండి 100 గ్రాములు. చిటికెడు మెంతులతో కొలెస్టరాల్ తగ్గుననుట ఒక చెంబు నీటితో మడి తడుపుటకు సమానం. 25 గ్రాములు తినదలచినవారు రాత్రి నానబెట్టి గాని, పొడిచేసి మజ్జిగలో గాని, దోసె, రొట్టె పిండిలో కలిపి గాని తీసుకొనవచ్చును. మొదట కొలదిగా ఆరంభించి మెల్లగా పెంచినచో పొట్ట ఉబ్బరం, విరేచనాల బాధ తక్కువ. చక్కెర తగ్గించే మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవారు వైద్యునికి తెలుపకుండ ఇంత మోతాదు ఆరంభించినచో చక్కెర మరీ పడిపోయి కండ్లు తిరిగే ప్రమాదం కలదు. గర్భవతులు ఔషధ మోతాదులో వాడరాదు. వేరుశెనగ పడనివారిలో కొందరికి మెంతులు కూడ పడవు. రెండును ఒకే కుటుంబపు గింజలు.

మెంతుల వలెనే జిగురు పీచు గల మరొక పదార్థం ఇసబ్గోల్. దినమునకు సుమారు 10 గ్రాముల పొట్టు నీటితో తీసుకొన్నచో ఎల్.డి.ఎల్. నూటికి 5 నుండి 10 వంతుల వరకు తగ్గునని అనేక అధ్యయనాలు చూపినవి. 1998లో అమెరికా ఆహార, ఔషధ పరిపాలనా సంస్థ ఈ పొట్టు గల ఆహారాలపై గుండెకు మేలు అనే మాటను ముద్రించుటకు అనుమతించినది. ఓట్లకు ఆ గౌరవం అంతకు ముందు సంవత్సరం లభించినది. ఈ సీమలో ఓట్లు లేకున్నను కొరత లేదు. పొట్టు తీయని రాగులతో చేసిన సంగటి, ఉలవలు, అలసందలు, ఆకుకూరలు పీచు విషయంలో వెనుకబడినవి కావు. వెనుకబడినది వాటిని వండే అలవాటు మాత్రమే.

గుగ్గులు నేర్పిన పాఠం

ఇక గుగ్గులు. ఈ ఒక్క పదార్థపు చరిత్రలో మూడు ప్రశ్నలకూ సమాధానాలు దొరుకును.

మొదట పేరు. తెలుగువారు గుగ్గిలం అని పిలిచేది సాధారణంగా ధూపానికి, పడవల అతుకులకు వాడే సాల వృక్షపు బంక. ఆయుర్వేదంలోని గుగ్గులు వేరు. అది రాజస్థాన్, గుజరాత్ ఎడారి నేలల్లో పెరిగే ముండ్ల పొద నుండి కారే బంక. మహిసాక్షి అనే పేరు దానిదే. పేర్ల పోలిక వలన ఒకటి అడిగి మరొకటి తెచ్చుకొనే అవకాశం ఎంతయో కలదు. పైగా విచక్షణ లేక గాట్లు పెట్టి బంక తీయుట చేత ఆ పొద అంతరించే స్థితికి చేరినది. కొరత ఉన్నచోట కల్తీ తప్పదు.

తరువాత పరీక్ష. సుశ్రుత సంహితలోని మేదోరోగ వర్ణన ఆధారంగా జి.వి. సత్యవతి అనే పరిశోధకురాలు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో కుందేళ్లపై గుగ్గులును పరీక్షించి 1966లో సిద్ధాంత వ్యాసం సమర్పించినారు. తదుపరి కాలంలో ఆమె భారత వైద్య పరిశోధన మండలికి అధిపతి అయినారు. ఆమె చూపిన దారిలో లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ గుగ్గులు నుండి ఒక సారాన్ని తయారుచేసినది. 1989లో ప్రకటించిన భారతీయ పరీక్షలలో, దానిని వాడిన రోగులలో నూటికి 70 - 80 మందికి కొలెస్టరాల్ సగటున 23 వంతులకు పైగా తగ్గినట్లు కనిపించినది. ప్రాచీన గ్రంథం, ఆధునిక ప్రయోగశాల చేతులు కలిపిన ఘట్టమది. సహజముగానే గర్వం కలిగినది.

కాని శాస్త్రం అక్కడ ఆగదు. 2003లో ప్రకటించిన అధ్యయనంలో అమెరికాలో 103 మందిపై, ఎవరికి మందు, ఎవరికి ఉత్త మాత్ర ఇస్తున్నది రోగికి గాని వైద్యునికి గాని తెలియని పద్ధతిలో, ఎనిమిది వారాలు పరీక్ష జరిగినది. ఉత్త మాత్ర తీసుకొన్నవారిలో ఎల్.డి.ఎల్. నూటికి 5 వంతులు తగ్గగా, గుగ్గులు సారం తీసుకొన్నవారిలో 4 - 5 వంతులు పెరిగినది! కొందరికి ఒంటిపై దద్దులు లేచినవి. ఆహార భేదమా, దేహతత్వ భేదమా, సారపు తయారీలో భేదమా అనే చర్చ జరిగినది. ఏది ఏమైనను, గుగ్గులు వాడేవారందరికీ కొలెస్టరాల్ తగ్గుననే ధీమాకు ఇక ఆధారం లేదు. ఈ ఫలితం సత్యవతి గారి కృషిని చిన్నబుచ్చదు. ఒకరు కనుగొన్నదానిని మరొకరు తిరిగి తూచి చూచుటయే విజ్ఞాన మార్గం.

తెల్లగడ్డ కూడ ఇటువంటి తూనికకు నిలువలేకపోయినది. 2007లో ప్రకటించిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు అధ్యయనంలో 192 మందికి ఆరు నెలలు పచ్చి తెల్లగడ్డ, దాని పొడి, దాని సారం వేరు వేరుగా ఇచ్చి చూచినారు. ఎల్.డి.ఎల్.లో చెప్పుకోదగిన మార్పు రాలేదు. 2022లో మరొక పరీక్షలో 190 మందికి 28 దినాలు చేపనూనె, దాల్చినచెక్క, తెల్లగడ్డ, పసుపు, వృక్ష స్టెరాల్‌లు, ఎర్ర ఈస్టు బియ్యం అనే ఆరు రకాల పూరకాలలో ఒక్కొక్కటి గాని, ఉత్త మాత్ర గాని, 5 మిల్లీగ్రాముల రోజువాస్టాటిన్ మాత్ర గాని ఇచ్చినారు. స్టాటిన్ వాడినవారిలో ఎల్.డి.ఎల్. నూటికి 38 వంతులు తగ్గినది. ఆరు పూరకాలలో ఏదియు ఉత్త మాత్రను మించలేదు. రసంలో తెల్లగడ్డ, పులుసులో పసుపు మానవలసిన పని లేదు. అవి ఆహారంగా మంచివి. వాటి గుళికలను అధిక ధరకు కొని, వాటిని నమ్మి మాత్ర మానుట మాత్రం తగదు.

మాత్ర కూడ ప్రకృతి బిడ్డయే

ప్రకృతి ఒకవైపు, మాత్ర మరొకవైపు అని విడదీయుట కూడ పొరపాటే. జపానుకు చెందిన అకిరా ఎండో వేలాది బూజులను పరీక్షించి, బియ్యంపై పెరిగే ఒక నీలి బూజు నుండి 1973లో మొదటి స్టాటిన్‌ను కనుగొన్నాడు. కొలెస్టరాల్ తయారీలోని ఒక కీలక దశను అది అడ్డుకొనును. అప్పుడు కాలేయం తన ద్వారాలను అధికంగా తెరచును. 1987లో అమెరికాలో అనుమతి పొందిన లోవాస్టాటిన్ కూడ బూజు నుండి వచ్చినదే. చైనావారి ఎర్ర ఈస్టు బియ్యంలో ఉన్న మొనకోలిన్ కె అనే పదార్థం ఆ లోవాస్టాటినే. అనగా ఆ బియ్యపు గుళిక పనిచేసినచో అది మందు గనుక పనిచేసినట్లు. మందు గనుక దాని దుష్ఫలితాలు కూడ దానికి ఉండును. అయితే ఏ సీసాలో ఎంత మందు ఉన్నదో కొనేవానికి తెలియదు. మెట్‌ఫార్మిన్ మూలం కూడ యూరప్‌లోని గలేగా అనే మొక్కయే. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వం వహించిన అమెరికా ప్రయోగశాలలో, నేలలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ వెలువడి 1948లో లోకానికి అందినది. ప్రకృతి ఇచ్చినదానిని శుద్ధిచేసి, తూచి, పరీక్షించి అందించినప్పుడు దానికి మాత్ర అని పేరు. తేడా పుట్టుకలో లేదు, కొలతలో ఉన్నది.

ఆ కొలత ప్రాణాల వరకు సాగినది. 1994లో వెలువడిన స్కాండినేవియా అధ్యయనంలో 4,444 మంది హృద్రోగులను అయిదేండ్లకు పైగా గమనించగా, సిమ్వాస్టాటిన్ వాడినవారిలో మరణాలు నూటికి 30 వంతులు తగ్గినవి. మెంతిపొడికి గాని, గుగ్గులు గుళికకు గాని ఇటువంటి సాక్ష్యం లేదు. గుండెపోటు వచ్చినవారు, ధమనిలో స్టెంటు అమర్చుకొన్నవారు ఇరుగుపొరుగు మాట విని స్టాటిన్ మానివేయుట ప్రాణంతో చెలగాటం. మాత్ర వలన కండరాల నొప్పి అనిపించినచో వైద్యునితో చెప్పి మోతాదు గాని, మందు గాని మార్చుకొనవచ్చును. తమంత తాము మానరాదు.

అవటు గ్రంథిని మరువరాదు

కొలెస్టరాల్ అధికమని తెలిసిన వెంటనే పొడి కొరకు గాని, మాత్ర కొరకు గాని పరుగెత్తకముందు టి.ఎస్.హెచ్. అనే రక్తపరీక్ష చేయించుట మేలు. అలసట, చలి ఓర్చలేకపోవుట, మలబద్ధకం, బరువు పెరుగుట, చర్మం పొడిబారుట అనే లక్షణాలు గల స్త్రీలలో దీని అవసరం మరింత ఎక్కువ. గృహిణులు వీటిని పనిభారమని సరిపెట్టుకొందురు. అవటు గ్రంథి మందగించుట వలన పెరిగిన కొలెస్టరాల్ థైరాక్సిన్ మాత్రతోనే బాగుగా దిగివచ్చును. అది తెలియక ఏండ్ల తరబడి చేదు కషాయాలు తాగుట వృథా శ్రమ. గ్రంథి లోపాన్ని సరిదిద్దక స్టాటిన్ ఆరంభించినచో కండరాలకు హాని కలిగే అవకాశం కూడ అధికం.

ప్రకృతి సిద్ధ పదార్థాలు ఈ హార్మోనుతో ఎట్లు తగాదా పడునో కూడ తెలిసికొనవలెను. థైరాక్సిన్ మాత్రను పరగడుపున నీటితో మింగి, అరగంట నుండి గంట వరకు ఏమియు తినరాదు. ఇసబ్గోల్, మెంతుల వంటి జిగురు పీచు ఆ మాత్రను పట్టుకొని శరీరానికి అందకుండ చేయగలదు. సున్నపు ధాతువు, ఇనుము గల మాత్రలు కూడ అంతే. వీటికిని, థైరాక్సిన్‌కును నడుమ నాలుగు గంటల ఎడం ఉండవలెను. అశ్వగంధ, అనగా పెన్నేరుగడ్డ, కొందరిలో థైరాయిడ్ హార్మోనును పెంచును. దాని గుళికలు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికలలో నమోదైనవి. జుట్టు రాలుటకు వాడే బయోటిన్ గుళికలు గ్రంథిని ఏమీ చేయవు గాని, పరీక్షనే తప్పుదోవ పట్టించును. లేని జబ్బు ఉన్నట్లు, ఉన్న జబ్బు లేనట్లు చూపగలవు. పరీక్షకు కొన్ని దినాలు ముందుగా వాటిని ఆపి, ఆ సంగతి వైద్యునికి తెలుపవలెను.

మేనరికాలు, వంశపారంపర్యం

ఈ సీమలో మేనరికపు వివాహాలు కొత్త కావు. అందుచేత ఒక హెచ్చరిక అవసరం. కొలెస్టరాల్ ద్వారాలు పుట్టుకతోనే లోపించే వంశపారంపర్య వ్యాధి ఒకటి కలదు. ప్రపంచంలో సుమారు 250 - 300 మందిలో ఒకరికి తల్లి నుండి గాని తండ్రి నుండి గాని ఈ లోపం సంక్రమించును. అటువంటివారిలో ఎల్.డి.ఎల్. తరచుగా 190ని మించును. నలుబది, ఏబది ఏండ్లకే గుండెపోటు రావచ్చును. భార్యాభర్తలిద్దరికిని ఆ లోపం ఉన్నచో ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు అవకాశం మేరకు బిడ్డకు రెండు వైపుల నుండి లోపం వచ్చును. ఆ బిడ్డకు బాల్యంలోనే మోకాళ్లపై, మోచేతులపై, మడమ వెనుక పసుపు రంగు గడ్డలు లేచి, చదువుకొనే వయస్సులోనే గుండె జబ్బు రాగలదు. దానికి మెంతులు గాని, మరే పొడి గాని చాలవు. పెద్ద ఆస్పత్రిలో నిపుణుల చికిత్స కావలెను. కుటుంబంలో చిన్న వయస్సు గుండెపోట్లు ఉన్నవారు తమ పిల్లలకు ఒకసారి రక్తపరీక్ష చేయించుట ధర్మం. అట్టి గడ్డలను తరగతి గదిలో మొదట గమనించగలవారు ఉపాధ్యాయులే.

ఆచరణకు కొన్ని మాటలు

పెరటి చెట్టు మందుకు రాదని సామెత. నేడు దానికి విరుద్ధమైన జబ్బు ప్రబలినది: పెరటిదని పేరు పెట్టిన ప్రతిదియు మందేనను నమ్మకం. రెండును అతి. మధ్యమార్గం ఈ విధంగా ఉండవచ్చును.

ఏ పొడి గాని, గుళిక గాని ఆరంభించుటకు ముందు ఎల్.డి.ఎల్., ట్రైగ్లిసరైడ్లు, చక్కెర, టి.ఎస్.హెచ్. పరీక్షించి కాగితం భద్రపరచవలెను. ఎనిమిది నుండి పండ్రెండు వారాల తరువాత తిరిగి పరీక్షించవలెను. మార్పు లేనిచో ఆ పదార్థానికి సెలవు చెప్పవలెను. దానిపై పెట్టే డబ్బు కూరగాయలకు ఉపయోగపడును. వైద్యుడు ఇచ్చిన మాత్రను తమంత తాము ఆపరాదు. వాడుతున్న నాటుమందులన్నిటిని దాచక వైద్యునికి చెప్పవలెను. చెప్పినచో మందలించుననే జంకు పనికిరాదు.

పేరు, బరువు, తయారీదారు చిరునామా లేని పొట్లాలను కొనరాదు. 2004లో ప్రకటించిన అధ్యయనంలో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు అంగళ్లలో కొన్న 70 ఆయుర్వేద తయారీలను పరీక్షించగా 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి విషలోహాలు కనిపించినవి. చట్టం కూడ నిద్రించుట లేదు. మధుమేహాన్ని, హృద్రోగాన్ని నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి కేంద్ర చట్టం నిషేధించినది. ఆరోగ్య పూరకాల సీసాలపై ఇది ఔషధంగా వాడుటకు కాదని ముద్రించవలెనని 2016 నాటి నియమాలు శాసించినవి. ఆ చిన్న అక్షరాలను చదువుటకు కళ్లజోడు తీయుట మంచిది.

వంటింటిలో చేయదగినది ఎంతయో ఉన్నది. అన్నం కొలత తగ్గించి, కూర, పప్పు కొలత పెంచవచ్చును. వారంలో కొన్ని పూటలు సంగటికి, ఉలవలకు తిరిగి చోటివ్వవచ్చును. వేరుశెనగ నూనెలో కొలెస్టరాల్ లేదు; కాని అది కూడ కొవ్వే గనుక మితం అవసరం. ఒకసారి కాచిన నూనెను మరల మరల కాచి వాడరాదు. వనస్పతిలో ఉండే చెడు కొవ్వును, అనగా ట్రాన్స్ కొవ్వును, 2022 జనవరి నుండి నూటికి 2 వంతులకు మించకూడదని నియమం వచ్చినది. అయినను బేకరీ పఫ్‌లు, వేపుళ్లు నిత్యభోజనం కారాదు. పొగాకు మానుట వలన కలిగే మేలు ఏ మూలిక వలనను కలుగదు. దినమునకు అరగంట తగ్గని నడక ఇన్సులిన్ మాటను శరీరం వినునట్లు చేయును.

పాఠశాలలో విజ్ఞాన శాస్త్రపు గదిలో త్రాసు ఉండును. ఒక పళ్లెంలో వస్తువు, మరొక పళ్లెంలో తూనికరాయి ఉంచి, ముల్లు నిలిచే వరకు ఆగి, అప్పుడే సంఖ్య రాయవలెనని బాలురకు నేర్పుదురు. ముల్లు నిలువకముందే సంఖ్య రాసిన విద్యార్థికి మార్కులు లేవు. దేహం విషయంలో కూడ ఆ నియమమే వర్తించును. తాతలకు, అవ్వలకు నేడు ఆ పాఠాన్ని గుర్తుచేయవలసినవారు ఈ బాలబాలికలే. ఇంటిలోని పెద్దల పరీక్ష కాగితాలను చదివి, తేదీల వరుసలో పేర్చి, మార్పును వారికి తెలుగులో విడమరచి చెప్పగలిగినచో, తెలుగు మాధ్యమంలో చదివిన చదువుకు అంతకంటె సార్థకత ఉండదు.

డెబ్బది అయిదు సంవత్సరాల విద్యాదానంతో ఇందరిని తీర్చిదిద్దిన ఈ సరస్వతీ నిలయం శతవసంతాలు జరుపుకొనుగాక. ఆ వేడుక నాటికి నేటి సభలోని నడివయస్కులు ఆరోగ్యవంతులైన వృద్ధులుగా ముందు వరుసలలో కూర్చొందురు గాక.

స్వస్తి.